ప్రకాశం పంతులు నడిచిన వరుసలో మూడు ఊళ్లు

టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టిన చోటు, ప్లీడరుగా నిలదొక్కుకున్న చోటు, బారిస్టరుగా వెలిగిన చోటు మూడూ చెన్నై-హౌరా రైలు మార్గం పొడవునా ఉన్నాయి. ఒంగోలు, రాజమహేంద్రవరం, చెన్నై. ఐదారు రోజుల సెలవు చాలు. అయితే ఆయన నడిచిన వరుసలోనే వెళ్లండి. నేను అలాగే వెళ్లాను.

1872లో ఆయన పుట్టిన వినోదరాయునిపాలెం ఒంగోలుకు దగ్గరి పల్లె. ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణానికీ బేరం కుదుర్చుకోండి. నేను ఆ జాగ్రత్త పడక ఎండలో గంటసేపు నిలబడ్డాను. పల్లెలో ఎక్కువ సమయం పట్టదు. నాకు ఒంగోలే ముఖ్యమనిపించింది. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ గారు పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది ఆ ఊళ్లోనే. మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో భోంచేశాను. వడ్డించే పెద్దావిడ నా ఆకులో అన్నం తరిగిపోవడం చూసి, అడక్కుండానే మరో గరిటె వేసి, మధ్యలో గుంట చేసి పప్పుచారు పోసింది. ఎందరి ఆకులు అలా కనిపెట్టుకుని ఉంటే ఒక కొడుకు చదువు సాగిందో అనుకుంటే ముద్ద గొంతు దిగలేదు. బస మామూలుదే, దుప్పట్లు మాత్రం ఉతికినవి.

రాజమహేంద్రవరం వెళ్లే రైల్లో ఎడమ కిటికీ పట్టండి. విజయవాడ దగ్గర కృష్ణ దాటుతుంటే ఆయన పేరు పెట్టుకున్న బ్యారేజీ కనిపిస్తుంది.

ఈ యాత్రలో రెండు రాత్రులు ఉండదగ్గ ఊరు రాజమహేంద్రవరమే. గోదావరి గట్టుకు దగ్గరలో గది తీసుకున్నాను. అద్దె కొంచెం ఎక్కువైనా, తెల్లవారుజామున రేవులో స్నానాల సందడికి లేచి కూర్చుంటే ఆ డబ్బు గుర్తుకు రాలేదు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వెంట ఈ ఊరికి వచ్చిన కుర్రాడు ఇక్కడే సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నాడు, మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. ఎంత పేరు వచ్చినా సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. కింది కోర్టులో గెలిపించిన కేసు అప్పీలుకు వెళ్తే, దాన్ని మద్రాసు వకీళ్ల చేతిలో పెట్టాల్సిందే. 1904లో ఆయన బారిస్టరు చదువుకు ఇంగ్లండు ఓడ ఎక్కడం వెనక ఈ అడ్డుగోడ ఉంది. ఈ సంగతి తెలుసుకున్నాకే చెన్నై వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను.

చెన్నైలో బస నిరాశపరిచింది. ఫోనులో చెప్పిన గది వేరు, ఇచ్చింది వేరు. కిటికీ లేదు, వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. ముందుగా గది చూడకుండా డబ్బు కట్టకండి. భోజనానికి, సిటీ బస్సులకు మాత్రం వంక పెట్టలేను.

హైకోర్టుకు దగ్గరలోని ప్రకాశం సాలై అంటే ఆటో అతనికి తెలియలేదు. బ్రాడ్వే అనగానే తల ఊపాడు. పాత పేరే జనం నోట నిలిచిపోయింది. దుకాణాల బోర్డుల మీద చిరునామా చదువుకుంటూ నడిచాను. చాలా చోట్ల చివరి వరసలో చిన్న అక్షరాల్లో ఆయన పేరుంది.

అక్కడి నుంచి ప్యారీస్ కార్నర్‌కు నడిచే దూరమే. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోయారు. ఆ మృతదేహాన్ని చూడనివ్వమని తుపాకుల ముందు ప్రకాశం గుండె చూపించి నిలబడింది ఈ పరిసరాల్లోనే. అప్పటికి ఆయన లక్షలు తెచ్చిన ప్రాక్టీసు వదిలేసి ఏడేళ్లయింది, అంతకుముందు సంపాదించింది తాను పెట్టిన స్వరాజ్య పత్రికకు ఖర్చవుతోంది. రోడ్డు దాటే జనంలో ఆగి తలెత్తి చూశాను. రాజమహేంద్రవరం ప్లీడరుకు ఒకప్పుడు తలుపు తెరవని హైకోర్టు ఎర్ర గుమ్మటాలు ఎదురుగానే ఉన్నాయి.