చీనీ తోటకు ఏ సిగ్నల్ పనికొస్తుంది: 2జీ నుంచి 5జీ దాకా వాడి చూసిన అనుభవం

నార్పల దగ్గర మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది, కాపురం మాత్రం అనంతపురం టౌన్‌లో. రోజూ తోటకు పోయి రావడం కుదరదు. చాలా ఏళ్లుగా నీళ్లు పెట్టించడం, బేరం మాట్లాడడం, కూలీలను పిలిపించడం అన్నీ ఫోన్ మీదే నడుస్తున్నాయి. అందుకే ఈ రివ్యూలో స్పీడ్ టెస్ట్ అంకెలు ఉండవు. ఏ జీ గొప్పది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ పనికి ఏది అని అడిగితే మాత్రం గట్టిగా చెప్పగలను.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. మా పల్లెలో ఫోన్ మోగడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. మాది బండల మిద్దె, మందపాటి రాతి గోడలు. ఇంట్లో సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప, మిద్దె ఎక్కితే నిండుగా ఉండేది. అయినా ఆ ఒక్క గీత మీదే మాట స్పష్టంగా వినిపించేది. 2జీ ఎక్కువగా నడిచింది 900 మెగాహెర్ట్జ్ మీద. ఫ్రీక్వెన్సీ తక్కువైతే సిగ్నల్ దూరం పోతుంది, గోడల్లోంచి కూడా కాస్త మెరుగ్గా దూరుతుంది. ఊరికీ ఊరికీ మధ్య మైళ్ల కొద్దీ బీడు ఉన్న మా జిల్లాకు అది బాగా సరిపోయింది.

2జీలో ఇంటర్నెట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫోన్ మీద "ఈ" అక్షరం కనిపిస్తే ఎడ్జ్, అంటే 2జీలోనే కాస్త వేగమైన నెట్, ఉందని సంతోషించేవాళ్లం. ఏదన్నా దిగుతుండగా కాల్ వస్తే డేటా ఆగిపోయేది.

2జీ విలువ నాకు నిజంగా తెలిసింది ఫోన్ చేసి బోరు మోటరు వేసే మొబైల్ స్టార్టర్ పెట్టించాకే. అంతకుముందు, మోటరుకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజుల్లో మా చిన్నాయన టార్చిలైటు పట్టుకుని బోరు కాడికి పోయేవాడు. పాములు, తేళ్లు తిరిగే గట్టు మీద, అరవై దాటిన మనిషి. నేను టౌన్ నుంచి ఫోన్ చేసి "చిన్నాయనా, కరెంటొచ్చిందా?" అంటే, "వొచ్చింది, మోటరేసి వస్తాండా, నువ్ పండుకో పో" అనేవాడు. ఆయన ఇంటికి చేరినట్టు మళ్లీ ఫోన్ వచ్చేదాకా నాకు నిద్ర పట్టేది కాదు.

స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. ఆ నంబరుకు కాల్ చేసి అది చెప్పిన అంకె నొక్కితే మోటరు ఆన్ అవుతుంది, ఇంకో అంకెకు ఆఫ్. కరెంటు వస్తే అదే మనకు కాల్ చేస్తుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అడుగంటినా మోటరు ఆపేసి కబురు చెబుతుంది. వైండింగ్ కాలిపోతే మోటరు పైకి లాగడానికి ఎంత ఖర్చో, చెట్లు ఎన్నాళ్లు ఎండుతాయో బోరున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. పూతకు ముందు నీళ్లు ఆపి, తర్వాత సరైన రోజున మళ్లీ మొదలుపెట్టాల్సిన పంట ఇది. ఆ వారం మోటరు చెప్పిన మాట వినకపోతే ఏడాది కాపు దెబ్బతింటుంది.

ఇంత పని చేసే పెట్టెకు కావాల్సింది ఒక కాల్, ఒక మెసేజ్. స్పీడ్‌తో పనే లేదు. ఒక చిన్న మార్పు మాత్రం మాకు బాగా పనిచేసింది. యాంటెన్నా ఇనుప పెట్టె లోపల ఉన్నంత కాలం కాల్ ఒకసారి కలిసేది, ఒకసారి కలిసేది కాదు. వైరు బయటికి లాగి, స్తంభానికి మనిషెత్తున కట్టాక ఆ బెడద తగ్గింది. చుట్టూ ఇనుము ఉంటే సిగ్నల్ లోపలికి రాదు.

3జీని త్వరగా ముగిస్తాను. టౌన్‌లో బాగుండేది, తోటలో దాదాపు లేదు. ఎక్కువగా 2100 మెగాహెర్ట్జ్ మీద నడిచింది కాబట్టి పల్లెల్లో అంత దూరం అందలేదు. పైగా ఆ టెక్నాలజీలో వాడేవాళ్లు పెరిగేకొద్దీ టవరు అందుకునే మేర కుంచించుకుపోతుంది. సాయంత్రాలు మా వీధిలో సిగ్నల్ ఎందుకు పడిపోయేదో అది చదివాక అర్థమైంది. ఎయిర్‌టెల్ 2020 ప్రాంతంలోనే 3జీ తీసేసి 2జీని ఉంచింది. స్టార్టర్ ఉన్న రైతుగా ఆ నిర్ణయం నాకు మేలే చేసింది.

4జీ వచ్చాక బేరం చేసే తీరే మారింది. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక కొన్ని నెలల్లోనే మా ఊళ్లో పిల్లలతో పాటు పెద్దలూ డేటాకు అలవాటు పడ్డారు. అంతకుముందు వ్యాపారి తోటకు వచ్చి చూస్తే తప్ప రేటు చెప్పేవాడు కాదు. ఇప్పుడు కాయ తొక్క మీద మంగు (నల్లి వల్ల వచ్చే గోధుమరంగు మచ్చ) ఎంత పాకిందో దగ్గరగా ఫోటో తీసి పంపిస్తే అనంతపురం మార్కెట్ యార్డు నుంచే రేటు అడుగుతున్నారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గి మంగు, దుమ్ము ఒకేలా కనిపిస్తాయి. డాక్యుమెంట్‌గా పంపండి, తేడా తెలుస్తుంది.

4జీతో వచ్చిన ఇబ్బంది కాల్స్ దగ్గర. వోల్టే, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, లేని ఫోన్‌లో నంబరు నొక్కగానే 4జీ గుర్తు మాయమై, ఫోన్ 3జీకో 2జీకో దిగి, అప్పుడు అవతల రింగయ్యేది. వోల్టే ఉన్న ఫోన్ కొన్నాక కాల్ వెంటనే కలుస్తోంది, గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినట్టుంది. జియోకు 2జీ, 3జీ అసలు లేవు, మాట కూడా 4జీ డేటా మీదే పోతుంది. కాబట్టి పాత 2జీ స్టార్టర్‌లో జియో సిమ్ పనిచేయదు. సిమ్ మార్చే ముందు ఇది తెలుసుకోవాలి.

దొంగల భయానికి తోటలో సిమ్ కెమెరా పెట్టించాం. కెమెరా వీడియో పైకి పంపాలి కాబట్టి దానికి అప్‌లోడ్ ముఖ్యం. 4జీలో 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పంపడం, అందుకోవడం రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో సమయాన్ని పంచుకుంటాయి, ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే పోతుంది. 1800, 850 బ్యాండ్లలో పంపడానికి విడిగా దారి ఉంటుంది, మా కెమెరా వాటి మీదే నిలకడగా నడుస్తోంది. ఇంకో సంగతి, గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోతే తప్పు ఫోన్‌ది కాకపోవచ్చు. మా దగ్గరున్న ఒక టవరు, ఊళ్లో కరెంటు పోయిన కాసేపటికి తనూ పోతుంది. ఆ కంపెనీకి ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా బ్యాటరీలు మార్చలేదు. ఎండాకాలంలో నీళ్లు అత్యవసరమైన రోజున అలా జరిగితే ఎంత టెన్షనో వాళ్లకు అర్థం కావాలి.

5జీ 2022 అక్టోబర్ 1న దేశంలో మొదలైంది. అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో నిలబడి వాడితే చాలా బాగుంది, పెద్ద వీడియోలు ఇట్టే దిగుతాయి. అయితే ఎక్కువ స్పీడ్ ఇచ్చేది 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతం, అది గోడ దాటి లోపలికి సరిగా రాదు. టౌన్‌లో మా ఇంట్లో హాలులో 5జీ, వంటింట్లో 4జీ. నార్పల దారిలో రెండింటి మధ్యా ఊగిసలాడి ఫోన్ వేడెక్కుతుంది. తోటకు బయల్దేరేటప్పుడు సెట్టింగ్స్‌లో 4జీకి మార్చుకుంటాను, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుంది. తోట పనికి 5జీ వల్ల కొత్తగా కలిసొచ్చింది ఇంతవరకూ నాకు కనిపించలేదు.

స్టార్టర్ సిమ్‌కు రీఛార్జ్ విషయం. డేటా అక్కర్లేని సిమ్‌కు డేటా ప్యాక్ వేయించాల్సి రావడం చాలా కాలం నన్ను బాధపెట్టింది. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే విడిగా ప్యాక్‌లు ఇవ్వాలని నిబంధన తెచ్చింది, గడువు 365 రోజుల దాకా పెట్టుకోవచ్చు. షాపులో డేటా ప్యాక్ చూపిస్తే ఒప్పుకోకండి, వాయిస్ ప్యాక్ అని అడగండి.

కొత్తగా స్టార్టర్ కొనేవాళ్లు 2జీతో పాటు 4జీ కూడా పట్టే మోడల్ తీసుకోండి. 2జీ ఎంత కాలం ఉంచుతారన్నది కంపెనీల చేతిలో ఉంది. కొనే ముందు రెండు కంపెనీల సిమ్‌లు వేసిన మామూలు ఫోన్ తీసుకెళ్లి, సరిగ్గా బోరు దగ్గరే, కరెంటు ఉన్నప్పుడూ పోయినప్పుడూ కాల్ చేసి చూడండి. ఏది కలిస్తే ఆ సిమ్ వేయండి.