ఊరికొచ్చి పాత ఫొటోలు స్కాన్ చేసే స్టూడియో

పాత ఫొటోలు స్కాన్ చేసే షాపులు చాలానే ఉన్నాయి. స్కానరు, లాప్‌టాప్ బండి మీద పెట్టుకొని ఊళ్లోకి వచ్చి చేసే మనిషి మాత్రం మాకు కొల్లాపూర్‌లో దొరికాడు. ఊరి చరిత్ర రాసుకోవాలనుకునేవాళ్లు ఇలాంటి వాళ్లనే వెతుక్కోండి. ఫొటోలను ఊరు దాటనీయకండి.

మాది శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. 1981లో ఖాళీ చేయించినప్పుడు మావాళ్లు దూలాలు, దర్వాజలు ఊడదీసుకొని బండ్ల మీద ఇవతలికి వచ్చారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు, దాని గురించి రాసినవాళ్లున్నారు. మా బొడ్రాయి ఎక్కడుండేదో, ఏ వాడలో ఎవరి ఇల్లుండేదో రాసినవాళ్లు లేరు. డ్యాం నిండి నీళ్లు 885 అడుగులకు చేరితే అదంతా కృష్ణలోనే. అందుకే కాలనీ పెద్దలు, బడిలో సోషల్ చెప్పే నేను, మా పిల్లలు కలిసి పాత ఫొటోలతో ఊరి చరిత్ర రాసే పని పెట్టుకున్నాం.

నష్టపరిహారం పని మీద ఎవరో తీసుకుపోయిన ఫొటోలు తిరిగి రాలేదని చాలా ఇళ్లలో బాధ ఉంది. కళ్ల ముందే స్కాన్ చేసి చేతికిచ్చేస్తామంటేనే పెట్టెలు తెరిచారు.

పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. ఒక పెళ్లి ఫొటో స్క్రీన్ మీద పెద్దగా కనిపించగానే ఒక అవ్వ ముందుకొచ్చి, "పెండ్లికొడుకును కాదు బిడ్డా, ఎనక గోడ జూడు, అది కుమ్మరోళ్ల బాయి గోడ" అంది. ఇంకో తాత కాదన్నాడు, అది కచ్చీరు (ఊరి చావడి) గోడేనట. ఇద్దరి మాటా పిల్లలు రికార్డు చేశారు. అంతసేపూ స్టూడియో ఆయన "తర్వాతది ఇయ్యండి" అని తొందర పెట్టలేదు. నేను మార్కులు వేసేది ఆ ఓపికకే.

పని కూడా తెలిసినవాడు. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకబోతే ఆపి, అద్దంతోపాటే స్కాన్ చేశాడు. చిన్న ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) తీసి, దాచుకోవడానికి టిఫ్ ఫైలు, వాట్సాప్‌కు జేపెగ్ విడిగా ఇచ్చాడు. ఫొటోకు 15 రూపాయలు.

నచ్చనిది రీటచింగ్. ఒక ముసలమ్మ ఫొటోలో చెమ్మ మరకలు తీసేస్తుంటే గడ్డం మీది పచ్చబొట్టు కూడా పోయింది. వాళ్లమ్మ ముఖమే మారిపోయిందని కూతురు ఏడ్చింది. అసలు స్కాన్ ఉంది కాబట్టి సరిపోయింది. సాఫు చేసినా చేయకపోయినా, అసలుది మాత్రం అడిగి తీసుకోండి.

ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయమని ముందే చెప్పండి. స్టూడియో ముద్రలు, సిరాతో రాసిన పేర్లు అక్కడే దొరికాయి మాకు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన దొరకడు. కరెంటు పోతే పని ఆగిపోతుంది, ఇన్వర్టర్ ఉన్న చోటే కూర్చోబెట్టండి.