టాంజానియాలో ఎయాసీ సరస్సు, హద్జాల టూర్: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆఫ్రికా సఫారీలు వేసే ఆర్గనైజర్ ఎవరో చాలామందికి తెలుసు. పేరు రాయను. సెరెంగెటి, న్గోరోన్గోరో వరకు గొడవేం లేదు, అక్కడ జంతువులు ఎటూ కనిపిస్తాయి. నా కోపమంతా చివర్లో ‘స్పెషల్’ అని తలకి రూ.28,000 అదనంగా తీసుకున్న ఎయాసీ సరస్సు గురించి. నిన్ననే ఇంటికి చేరాం. ఇంకా నిద్ర పట్టడం లేదు.

పోస్టర్‌లో నిండు సరస్సు, ఫ్లెమింగోలు, సాయంత్రం పడవ షికారు ఉన్నాయి. మమ్మల్ని తీసుకెళ్లింది సెప్టెంబరులో. ఎయాసీ న్గోరోన్గోరో కొండలకి దక్షిణాన, భూమి చీలి ఏర్పడిన రిఫ్ట్ లోయ అడుగున ఉన్న ఉప్పు సరస్సు. అందులోకి వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. ఎండకి ఆవిరై ఉప్పు మిగులుతుంది. వానల్లేని నెలల్లో బాగా తగ్గిపోతుంది. ఏటా జనాన్ని తీసుకెళ్లే మనిషికి ఇది తెలియకుండా ఉండదు. మేం చూసింది పగుళ్లిచ్చిన తెల్లటి నేల, ఎక్కడో దూరంగా సన్నగా నీళ్లు. నిజం చెప్పాలంటే అదీ అందంగానే ఉంది. ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంటే సంతోషంగా నడిచేవాళ్లం. పడవ ఏది బాబూ అంటే "నేచర్ మన చేతిలో ఉందా అక్కా" అన్నాడు. ఆ పోస్టర్ వేసింది తనే.

అది పోనివ్వండి. మర్నాడు పొద్దున జరిగింది మాత్రం నేను వదలను.

సరస్సు పక్కన మాంగోలా అనే ఊరి వైపు హద్జాలనే ఆదివాసులు ఉంటారు. అంతా కలిపి ఇంచుమించు 1,300 మంది. వాళ్లలో కొంతమందే ఇప్పటికీ పూర్తిగా అడవి మీద బతుకుతున్నారు. మగవాళ్లు విల్లంబులతో వేటాడి, చెట్ల తొర్రల్లోంచి తేనె తీస్తారు. ఆడవాళ్లు మొన తేల్చిన కర్రలతో దుంపలు తవ్వుతారు, బాబాబ్ కాయలు, అడవి పళ్లు ఏరుకొస్తారు. మాటల మధ్య నాలుకతో టక్ టక్‌మని శబ్దాలు వస్తాయి. ఆ భాషకి చుట్టరికం ఉన్న భాష ఇంకోటి ఉందని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ఇదంతా చదివి, చూడాలని ఎంతో ఆశపడి వెళ్లాను.

తెల్లవారకముందే వేటగాళ్ల వెనక బయల్దేరాం. వాళ్ల నడక మనకి పరుగే. ముళ్ల పొదల్లోంచి ఒక చిన్న పిట్ట దొరికింది, అంతే. వేట అంటే అదే, రోజూ దొరకదు. మా ఆర్గనైజర్‌కి అది నచ్చలేదు. గ్రూపులో "బబూన్ వేట గ్యారంటీ" అని రాశాడు కదా. ఆ కుర్రాళ్లని ఆపి, చచ్చిన పిట్టని మళ్లీ కొమ్మ మీద పెట్టించి, వీడియో కోసం బాణం వేయించాడు. రెండోసారి వేసేటప్పుడు ఆ కుర్రాడు మా ఎవరి వైపూ చూడలేదు.

తిరిగి వాళ్లు ఉండే చోటికి వచ్చాక జీపులోంచి మందు బాటిళ్లు దింపాడు. డాన్స్ చేయించడానికట. అప్పుడు ఒక పెద్దాయన లేచి వచ్చి ఏదో అడిగాడు. మాంగోలా నుంచి వచ్చిన లోకల్ గైడ్ ఇంగ్లీషులో చెప్పాడు: పోయినసారి గ్రూపు డబ్బూ ఇవ్వలేదు, ఈసారిదీ ఇవ్వలేదు, ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. మా ప్యాకేజీలో ‘గ్రామ ఫీజు, హద్జా, దటోగా కుటుంబాలకి చెల్లింపు’ అని స్పష్టంగా రాసి ఉంది (దటోగాలు అక్కడే ఉండే ఇంకో తెగ). నేను ఆర్గనైజర్ వైపు చూశాను. ఆ పెద్దాయన ఎదురుగా నిలబడే తెలుగులో, నవ్వుతూ అన్నాడు: "వీళ్లకి డబ్బులెందుకక్కా, అడవోళ్లు. ఇస్తే తాగేస్తారు."

చేతిలో మందు బాటిల్ పట్టుకుని అన్నాడు ఆ మాట.

పెద్దాయనకి తెలుగు రాదు. ఆ నవ్వు అర్థం కావడానికి తెలుగు రానక్కర్లేదు. నా మొహం చూశాడు, గైడ్ మొహం చూశాడు, వెళ్లి మళ్లీ తన చోట కూర్చున్నాడు. "నల్లమలలో చెంచుల పెంటకి వెళ్లి ఇలాగే మాట్లాడతావా?" అని అడిగాను. "అక్కడ వీసా ఖర్చు ఉండదు కదా" అని జోకు వేశాడు. గ్రూపులో కొందరు నవ్వారు కూడా. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

డబ్బెందుకో చెప్తాను వినండి. మాంగోలా అంతా ఇప్పుడు ఊటనీళ్లతో పండే ఉల్లిపాయ తోటలు. పశువుల మందలు, కొత్త పొలాలు అడవిలోకి జరిగేకొద్దీ వేట జంతువులు తగ్గాయి. కడుపు నిండాలంటే మొక్కజొన్న పిండి కొనుక్కోవాలి. 2011లో సరస్సుకి దక్షిణాన ఉన్న యాయెడా లోయలో కొంత భూమికి హద్జాలకి ఉమ్మడి హక్కు పత్రం వచ్చింది, అది పెద్ద విజయమే. కానీ సరస్సు పక్కన ఉన్నవాళ్లకి టూరిస్టుల డబ్బు ఒక ఆధారం. ఆ డబ్బుతో పాటు మందు కూడా వచ్చి అక్కడ కుటుంబాలు దెబ్బతింటున్నాయని ఎన్నాళ్ల నుంచో చెప్తున్నారు. అలాంటి చోటికి బాటిళ్లు మోసుకెళ్లి, రావాల్సిన డబ్బు ఎగ్గొట్టడం దొంగతనం. నేను ఇంకో మాట వాడను.

దటోగాల దగ్గర కూడా ఇదే తీరు. వాళ్లు పశువుల కాపరులు, కొన్ని కుటుంబాలు కమ్మరి పని చేస్తాయి. తోలుతిత్తితో గాలి ఊది, పాత తాళాలు, ఇత్తడి ముక్కలు కరిగించి కడియాలు, ఇనుప మేకులు కాల్చి సాగగొట్టి బాణం మొనలు చేస్తారు. హద్జాలు ఆ మొనల్ని తేనెకి, మాంసానికి మార్చుకుంటారు. కళ్లెదుటే చేసిన కడియం ఒకటి కొనబోతుంటే "ఇక్కడొద్దు మేడమ్, కరాటులో చీప్" అని ఆర్గనైజర్ అడ్డుపడ్డాడు. కరాటు టౌన్‌లో ఆపిన షాపులో ధర మూడింతలు, కమీషన్ ఎవరికో చెప్పక్కర్లేదు. అన్నట్టు, పొద్దున దాకా అక్కని, ప్రశ్న అడిగాక మేడమ్‌ని అయ్యాను.

గ్రామ ఫీజు కట్టిన రసీదు చూపించమని వాట్సాప్‌లో అడిగాను. జవాబు రాలేదు, నన్ను గ్రూపులోంచి తీసేశారు. రిఫండ్ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ నేనూ, ఇంకో కుటుంబం కలిసి గైడ్ ద్వారా ఆ పెద్దాయనకి ఇవ్వగలిగింది ఇచ్చాం. అది ఆర్గనైజర్ బాకీ తీర్చినట్టు కాదు.

వెళ్లాలనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లండి. మాంగోలాలోనే, హద్జా భాష వచ్చిన లోకల్ గైడ్‌ని పెట్టుకుని, ఫీజు మీ చేత్తో కట్టి రసీదు తీసుకోండి. నీళ్లు, ఫ్లెమింగోలు కావాలంటే వానల తర్వాతి నెలలు చూసుకోండి. మందు మాత్రం ఎవరు తెచ్చినా జీపులోంచి దింపనివ్వకండి. ఇతను జనవరి బ్యాచ్‌కి అడ్వాన్సులు మొదలుపెట్టాడు, అదే పోస్టర్, అదే పడవ. ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే నాకు మెసేజ్ చేయండి, నా దగ్గరున్న ప్యాకేజీ కాగితం, చాట్ స్క్రీన్‌షాట్లు పంపిస్తాను.