ఓపెన్ పాలసీ ఫైండర్ (పాత పేరు షెర్పా రోమియో): పేపర్ పంపేముందు ఒకసారి చూడండి

ముందు నా గోల చెప్తా, తర్వాత సైట్ సంగతి. పీజీ రెండో ఏడాదిలో నా కేస్ రిపోర్ట్ ఒకటి జర్నల్లో వచ్చింది, యూనిట్ మొత్తానికి స్వీట్లు పంచా. యాక్సెప్ట్ అయినరోజు కాపీరైట్ ట్రాన్స్‌ఫర్ అని, అంటే పేపర్ మీద హక్కులు జర్నల్‌కి రాసిచ్చే ఫారం పంపారు, సార్ సంతకం పెట్టారు, చదవకుండా నేనూ పెట్టేశా. ఏడాది తిరిగాక అందులో నేనే రాత్రంతా కూర్చుని గీసిన ఫ్లోచార్ట్‌ని ఒక పుస్తకం చాప్టర్లో వాడదామంటే పర్మిషన్ కావాలంట, దానికి ఫీజంట. సొంతింటికి అద్దె కట్టినట్టుంది! జర్నల్ పేరు చెప్పను, సగం తప్పు నాదే కదా.

అప్పుడు మా లైబ్రేరియన్ మేడం ఈ సైట్ చూపించారు. బ్రిటన్‌లో యూనివర్సిటీలకి డిజిటల్ సేవలందించే జిస్క్ అనే సంస్థ వాళ్ళు నడుపుతారు, పైసా కట్టక్కర్లేదు. జర్నల్ పేరో ఐఎస్ఎస్ఎన్ నంబరో (జర్నల్‌కి ఉండే గుర్తింపు నంబరు) కొడితే మనం పంపిన కాపీ, రివ్యూ అయ్యి యాక్సెప్ట్ అయిన కాపీ, వాళ్ళు అచ్చేసిన పీడీఎఫ్, ఈ మూడిట్లో ఏది ఎక్కడ పెట్టుకోవచ్చో, ఎన్ని నెలలు ఆగాలో, లైసెన్స్ ఏంటో విడివిడిగా చూపిస్తుంది. నాకు కళ్ళు తెరిపించింది ఆ మూడిట్లో మధ్యదే, యాక్సెప్ట్ అయిన కాపీ. యాక్సెప్ట్ అయ్యాక ఇంక మనకేం మిగల్దు అనుకునేవాణ్ణి, కానీ చాలా జర్నల్స్ ఆ వర్డ్ ఫైల్‌ని కొన్నాళ్ళాగి కాలేజీ రిపాజిటరీలో (కాలేజీ వాళ్ళ పేపర్లు ఆన్‌లైన్లో దాచే చోటు) పెట్టుకోనిస్తాయి. మనవాళ్ళేమో సరిగ్గా పెట్టకూడని పీడీఎఫ్‌నే వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతుంటారు.

మైనస్ ఏంటంటే బొమ్మలు, టేబుల్స్ మళ్ళీ వాడుకోడం గురించి ఇది పెద్దగా చెప్పదు, నా అసలు బాధేమో అదే. దానికి ఫారం చదవాల్సిందే. మన చిన్న జర్నల్స్ కొన్ని వెతికితే దొరకలేదు కూడా.

ఇంకోటి, మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కులు ఎన్నేళ్ళకి రాసిచ్చామో కాగితంలో లేకపోతే 5 ఏళ్ళనే లెక్క, ఏ దేశాలకో లేకపోతే ఇండియా వరకే. ఆహా అనుకుని నా ఫారం తీసి చూశా, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నన్నాళ్ళూ అని శుభ్రంగా రాసుంది.

ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవొచ్చు) అన్నారు కదా అని కూడా నమ్మేయొద్దు, లైసెన్స్ చూడండి. సీసీ బై (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి) అయితే రాసినవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అదే చివర్లో ఎన్‌డీ (నో డెరివేటివ్స్, అంటే మార్చి పంచకూడదు) ఉంటే ఆ పేపర్ని తెలుగులోకి మార్చి పేషెంట్లకి కరపత్రంలా పంచాలన్నా పర్మిషన్ అడగాలి. మా ఓపీలో ఇంగ్లీష్ పేపర్ ఇస్తే ఎవరు చదువుతారు చెప్పండి.

5కి 4 ఇస్తా. రెండో పేపర్ ముందే ఇందులో చూసుకుని సీసీ బై జర్నల్‌కే పంపాం. పాత ఫ్లోచార్ట్‌కి మాత్రం డబ్బులు కట్టలేదు, అందులో సమాచారం ఎవరి సొత్తూ కాదు కాబట్టి చాప్టర్ కోసం వేరే రకంగా మళ్ళీ మొదట్నుంచి గీశా, నిజం చెప్పాలంటే ఇదే బావుంది.