ఎముక లోటు పూడ్చాలంటే ఏది మేలు: సొంత ఎముకా, సిరామిక్కా, వంగే పదార్థమా?

దవడలో గడ్డ తీసేశాక ఖాళీ చిన్నదైతే ఎముక తనంతట తానే పూడుకుంటుంది. ఓ హద్దు దాటిందంటే పూడదు, ఏదో ఒకటి నింపాల్సిందే.

డాక్టర్ల మొదటి ఎంపిక ఇప్పటికీ రోగి సొంత ఎముకే. తుంటి ఎముక పైఅంచు నుంచి తీసి పెడతారు. అందులో బతికున్న కణాలుంటాయి, శరీరం తిప్పికొట్టదు. కాకపోతే మంచిగా ఉన్న ఇంకో చోట కోత పెట్టాలి. తీసిన చోట కొందరికి నెలల తరబడి నొప్పి ఉంటుంది. చిన్నపిల్లల్లో అయితే తీయడానికి ఉండేదే తక్కువ.

హైడ్రాక్సీ అపటైట్ లాంటి సిరామిక్‌లకు ఆ బాధ లేదు. మన ఎముకలోని ఖనిజానికి దగ్గరి చుట్టాలు కాబట్టి కొత్త ఎముక వాటిని అంటిపెట్టుకుని పెరుగుతుంది. చిక్కల్లా పెళుసుదనమే. దిమ్మను ఖాళీకి తగ్గట్టు చెక్కబోతే విరుగుతుంది, గుళికలు పోస్తే పక్కకు జారిపోతాయి.

అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ బృందం 2016లో ప్రకటించిన ‘హైపర్‌ఎలాస్టిక్ బోన్’ ఇక్కడే ఆశ పుట్టించింది. బరువులో 90 శాతం హైడ్రాక్సీ అపటైట్, మిగతా 10 శాతం పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం. అంత ఖనిజం ఉండి కూడా స్పాంజిలా నొక్కితే నొక్కుకుంటుంది, వదిలితే విచ్చుకుంటుంది. ఆపరేషన్ బల్ల దగ్గరే కత్తిరించి, చుట్టి ఖాళీలో దూర్చేయొచ్చు. విచ్చుకుని అంచులకు ఒత్తుకోవడమే దీని అసలు బలం. అంచు దగ్గర సందు మిగిలితే ముందుగా మెత్తటి కణజాలం చొరబడుతుంది, ఇక ఎముకకు చోటుండదు.

పరీక్షల్లో ఇది తెగేలోపు 32 నుంచి 67 శాతం దాకా సాగింది. గట్టిదనం, అంటే ఒత్తిడికి వంగకుండా నిలిచే గుణం మాత్రం 4 నుంచి 11 మెగాపాస్కల్సే. తొడ ఎముక గట్టి భాగం అంతకు వెయ్యి రెట్లకు పైనే ఉంటుంది. ఎలుకల వెన్నులో, ఒక కోతి పుర్రెలో పెట్టి చూస్తే, ఎదుగుదల ప్రోటీన్లేవీ కలపకుండానే రక్తనాళాలు, కొత్త ఎముక వచ్చాయి. మంచి ఫలితమే, కానీ కోతి ఒక్కటే, చూసింది నాలుగు వారాలే.

ఇలాంటి పదార్థం గురించి ఎవరు చెప్పినా నేను ముందు అడిగేవి రెండు. పొడిగా ఉన్నప్పుడు వంచారా, శరీరంలోలా 37 డిగ్రీల ఉప్పు ద్రావణంలో నానబెట్టి వేలసార్లు వంచారా? పాలిమర్ కరిగేకొద్దీ గుణం మారిపోతుంది మరి. రెండోది, ఎక్స్‌రే ఒక్కటే చూపిస్తున్నారా? హైడ్రాక్సీ అపటైట్ కూడా ఎక్స్‌రేలో తెల్లగానే కనిపిస్తుంది. పెట్టిన పదార్థమేదో, పుట్టిన ఎముకేదో తేలాలంటే పలుచటి ముక్క కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడాలి. పక్కన ఏమీ నింపని ఖాళీనీ పెట్టి పోల్చాలి.

కాలి ఎముకలో పెద్ద లోటైతే నా ఓటు సొంత ఎముకకూ, దాన్ని పట్టి ఉంచే ప్లేటుకూ. బరువు మోయని పుర్రె, ముఖం ఖాళీలకు, నమిలే ఒత్తిడి పెద్దగా పడని దవడ ఖాళీలకు, ముఖ్యంగా వంకర టింకరగా ఉన్నవాటికి, వంగే పదార్థాన్నే ముందు పరిశీలించమంటాను.