ఎక్స్‌టెన్షన్‌లో నేటివ్ కోడ్: వెబ్‌అసెంబ్లీనా, నేటివ్ మెసేజింగా, ఏది మేలు?

సీ, రస్ట్ వంటి భాషల్లో సిద్ధంగా ఉన్న కోడ్‌ను (నేటివ్ కోడ్) బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ నుంచి, అంటే బ్రౌజర్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాము నుంచి, వాడుకోవాలంటే ఒకప్పుడు ఎన్‌పీఏపీఐ అనే పాత పద్ధతి ప్లగిన్ ఉండేది. అందులోని కోడ్‌కు వినియోగదారుకు ఉన్న అధికారాలన్నీ దక్కేవి కాబట్టి, ప్లగిన్‌లో ఒక్క లోపం దొరికినా కంప్యూటర్ పరాధీనమయ్యేది. క్రోమ్ 2015 సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో దాన్ని పూర్తిగా తొలగించింది. ఇప్పుడు ముఖ్యంగా రెండు దారులున్నాయి: అలాంటి కోడ్‌ను బ్రౌజర్ లోపలే సురక్షితంగా నడిచే రూపంలోకి కంపైల్ చేసే వెబ్‌అసెంబ్లీ, బ్రౌజర్ బయటి ప్రోగ్రాముతో మాట్లాడించే నేటివ్ మెసేజింగ్.

కోడ్ చేసే పని కేవలం గణన అయితే, అంటే చిత్రాన్ని కుదించడమో పీడీఎఫ్‌ను విడదీసి చదవడమో అయితే, నిస్సందేహంగా వెబ్‌అసెంబ్లీయే మేలు. ఒకసారి కంపైల్ చేసిన ఫైలు విండోస్, లినక్స్, మ్యాక్‌లలో మార్పు లేకుండా నడుస్తుంది, ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీలోనే ఇమిడిపోతుంది. నేటివ్ కోడ్ తప్పనిసరి అనుకునేవారిలో చాలామందికి నిజానికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

అయితే మన ఆడిటర్లు రిటర్నుల దాఖలుకు వాడే డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్‌ను తీసుకోండి. దాని డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంటుంది. వెబ్‌అసెంబ్లీ అక్కడికి చేరడం కుదరదు, వెబ్ పేజీలు యూఎస్‌బీ పరికరాలతో మాట్లాడేందుకు ఉన్న వెబ్‌యూఎస్‌బీ కూడా స్మార్ట్‌కార్డు తరగతి పరికరాలను మామూలు పేజీలకు అందనివ్వదు. ఇక్కడ నేటివ్ మెసేజింగ్ తప్పదు. ఇందులో బ్రౌజర్ ఒక విడి ప్రోగ్రామును ప్రారంభించి, స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల ద్వారా జేసన్ (JSON) అనే పాఠ్య రూపంలో సందేశాలు మార్చుకుంటుంది. ఈ ప్రోగ్రామును ఎక్స్‌టెన్షన్ తానే ఇన్‌స్టాల్ చేయడం కుదరదు. మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు మూడు ఇన్‌స్టాలర్లు, విండోస్‌లో రిజిస్ట్రీ నమోదు, మిగిలినవాటిలో నిర్ణీత ఫోల్డర్‌లో మానిఫెస్ట్ ఫైలు (ప్రోగ్రాము ఎక్కడుందో, దాన్ని ఏ ఎక్స్‌టెన్షన్ వాడవచ్చో చెప్పేది), ఇవన్నీ మన బాధ్యతే.

ప్లాట్‌ఫారం తేడా ఎంత సూక్ష్మంగా దెబ్బతీస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రతి సందేశానికి ముందు దాని పొడవును నాలుగు బైట్లలో పంపాలి. సందేశం సరిగ్గా 10 బైట్లయితే ఆ మొదటి బైటు విలువ 10, అంటే కొత్త వరుస గుర్తు. విండోస్‌లో అవుట్‌పుట్‌ను బైనరీ మోడ్‌కు (బైట్లను ఉన్నవి ఉన్నట్టే పంపే పద్ధతికి) మార్చకపోతే దాని ముందు 13 అనే బైటు చేరుతుంది, దాంతో బ్రౌజర్ పొడవును 2573గా చదివి రాని బైట్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అదే కోడ్ లినక్స్‌లో చక్కగా నడుస్తుంది కనుక తప్పు ఎక్కడుందో తోచదు.

ఈ శ్రమ తప్పించుకోవడానికి కొందరు లోకల్‌హోస్ట్‌లో, అంటే అదే కంప్యూటర్‌లో, ఒక పోర్టు తెరిచి చిన్న సర్వర్ నడుపుతారు. దాన్ని నేను సిఫారసు చేయను. ఆ పోర్టును ఇతర వెబ్‌సైట్లు కూడా తట్టే ప్రమాదం ఉంది, వచ్చినవారెవరో ప్రతిసారీ మనమే సరిచూసుకోవాలి. నేటివ్ మెసేజింగ్‌లోనైతే మానిఫెస్ట్‌లో పేర్కొన్న ఎక్స్‌టెన్షన్‌కు తప్ప మరెవరికీ బ్రౌజర్ తలుపు తీయదు.

టోకెన్ పనిలోనూ నేటివ్ భాగాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచాలి. ప్రోగ్రాము నుంచి బ్రౌజర్‌కు వచ్చే ఒక్కో సందేశం 1 ఎంబీ దాటకూడదు కాబట్టి సంతకమైన పెద్ద పీడీఎఫ్‌ను ఒకే సందేశంలో తిరిగి పంపడం కుదరదు. ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ను (పీడీఎఫ్‌కు వేలిముద్ర లాంటి చిన్న విలువను) బ్రౌజర్‌లోనే లెక్కించి, ఆ 32 బైట్లనే టోకెన్‌కు పంపి, తిరిగి వచ్చిన సంతకాన్ని ఎక్స్‌టెన్షనే పీడీఎఫ్‌లో పొదిగితే సరిపోతుంది.