హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పుకునే మంచుమనిషి యెతి మీదా, నల్లమల వింత జంతువు మీదా? సాహస నవలకి ఏది?

ఖర్చు: యెతి కోసం నేపాల్ దాకా వెళ్లాలి. నల్లమలకైతే హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో శ్రీశైలం బస్సెక్కి మన్ననూరులో దిగితే చాలు.

శ్రమ: యెతికి సరుకు రెడీగా ఉంది, 1951లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ ఫొటో తీసిన మంచులో అడుగుజాడ, పక్కన కొలతకి పెట్టిన ఐస్ గొడ్డలి, ఆ ఒక్క ఫొటోతోనే మొదటి అధ్యాయం నడిచిపోతుంది. నల్లమలలో జంతువుని మీరే పుట్టించాలి, కానీ చెంచుల నమ్మకాలు మాత్రం కల్పించకండి, వెళ్లి అడగండి.

రిస్క్: యెతివని దాచిన నమూనాలు 2017 డీఎన్ఏ పరీక్షల్లో దాదాపు అన్నీ ఎలుగుబంట్లవని తేలాయి, అది చాలామంది పాఠకులకి తెలుసు. మన వైపు కథ వేరు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ కనిపించింది, అదీ రాత్రిపూట తిరిగే పిట్ట! నమ్మించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మంచు, ఎత్తు, ప్రాణభయం కావాలంటే యెతి. తొలి నవలైతే నల్లమలే.